ఒక్క మెతుకు చాలదు

పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక సెమినార్‌కి వెళ్లాను. భోజనాల ముందు డెమో పెట్టారు. అణువుల భారం తూచే మాస్ స్పెక్ యంత్రం అమ్మే కంపెనీ నుంచి వచ్చిన ఓ కుర్రాడు పట్టకారుతో పారాసిటమాల్ బిళ్ళ పట్టుకుని, వేడి హీలియం గాలి తగిలేలా యంత్రం మూతి ముందు ఆడించాడు. నూరలేదు, కరిగించలేదు, వడకట్టలేదు. నాలుగైదు సెకన్లలో తెర మీద 152 దగ్గర నిట్టనిలువునా ఓ గీత లేచింది. పారాసిటమాల్ అణుభారం 151, దానికి ఒక ప్రోటాన్ అంటుకుంటే 152. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ముప్పై ఏళ్లు క్వాలిటీ కంట్రోల్‌లో కల్వం నూరిన చేతులు కదా, ఆ గీత ఎంత ముద్దొస్తుందో నాకు తెలుసు.

ఇంతలో వేదిక మీది పెద్దాయన మైకు అందుకుని, "ఇక మీ కల్వాలు, ఫ్లాస్కులు మ్యూజియానికి పంపుకోవచ్చు" అన్నారు. చప్పట్లు ఇంకా పెరిగాయి. నావి మాత్రం అక్కడే ఆగిపోయాయి.

ఆయన ఒక్కరి మాటే అయితే ఇంటికొచ్చి మర్చిపోయేవాణ్ణి. ఈమధ్య ఎక్కడ నాసిరకం మందుల ప్రస్తావన వచ్చినా ఇదే పాట వినిపిస్తోంది. నూరడం, కరిగించడం, వడకట్టడం లాంటి సాంపుల్ ప్రిపరేషన్ అనేది పాతకాలపు చాదస్తమట. ల్యాబుల్లో రిపోర్టులు ఆలస్యం కావడానికి అదే కారణమట. జిల్లాకో యంత్రం ఇచ్చి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ చేతిలో పట్టకారు పెడితే ఈ పీడ విరగడవుతుందట. చదువుకున్నవాళ్లు, మంచివాళ్లు, నా స్నేహితులు కూడా ఈ మాటే అంటున్నారు. అది తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు యంత్రానికి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చేద్దాం. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో గ్రాహం కుక్స్ బృందం 2004లో డెసీ అనే పద్ధతిని బయటపెట్టింది. విద్యుదావేశమున్న సన్నని తుంపరను నేరుగా బిళ్ళ మీద కొడితే, ఉపరితలం మీది అణువులు ఆ తుంపరతో పాటు ఎగిరి యంత్రంలోకి వెళ్తాయి. మరుసటి ఏడాది, నేను డెమోలో చూసిన డార్ట్ వచ్చింది. అది ఉత్తేజితమైన హీలియంతో గాలిలోని తేమను అయనీకరించి, ఆ తేమ చేత మందుకు ప్రోటాన్ ఇప్పిస్తుంది. అంతకుముందు మాస్ స్పెక్‌లోకి ఏదైనా పంపాలంటే పెళ్లికూతుర్ని చేసినంత అలంకారం చేయాల్సి వచ్చేది. ఆ తతంగాన్ని ఎత్తేసిన ఘనత వీటిది. దాన్ని ఎవరూ కాదనలేరు.

వీటి సత్తా లోకానికి తెలిసిందెక్కడో కూడా చెప్పాలి. ఆగ్నేయాసియాలో మలేరియాకి వాడే ఆర్టెసునేట్‌కి నకిలీలు విపరీతంగా పుట్టుకొచ్చిన రోజుల్లో వియత్నాం, కంబోడియా, లావోస్, మయన్మార్, థాయ్ సరిహద్దుల నుంచి 391 నమూనాలు తెచ్చి పరీక్షించారు. అందులో 195 నకిలీవి. పెట్టెల మీది హోలోగ్రాములకే 16 రకాల నకళ్లు దొరికాయి. మందు ఉండాల్సిన చోట కొన్నింటిలో నిషేధిత నొప్పి మాత్రల రసాయనాలు, కొన్నింటిలో కేన్సర్ కారకమైన సాఫ్రోల్ ఉన్నాయి. జార్జియా టెక్‌లో ఫకుండో ఫెర్నాండెజ్ బృందం ఈ బిళ్ళల్ని డెసీ, డార్ట్‌లతో చకచకా తేల్చిపారేసింది. 2008లో ఆ పరిశోధన అచ్చయింది. యంత్రం పక్షాన వాదించేవాళ్లు మొదట చూపించే కేసు ఇదే. నాకూ ఇదే కావాలి.

ఎందుకంటే ఆ నకిలీల్లో కొన్నింటిలో అసలు మందు ఉంది! ఒక్కో బిళ్ళలో దాదాపు 50 మిల్లీగ్రాములు ఉండాల్సిన ఆర్టెసునేట్ వాటిలో 12 మిల్లీగ్రాముల లోపే ఉంది. దొంగకి అంత దయ ఎందుకు? అప్పటికి ఆ దేశాల్లో ఓ చవక రంగు పరీక్ష వాడుకలో ఉంది. ఆర్టెసునేట్ ఉంటే రంగు వస్తుంది, లేకపోతే రాదు. ఆ పరీక్షను బోల్తా కొట్టించడానికే చిటికెడు అసలు మందు కలిపి ఉంటారని పరిశోధకులు అనుమానించారు. ఉందా లేదా అని మాత్రమే అడిగే పరీక్షకు దొంగ ఇచ్చే జవాబు అదే: "ఉంది, చూసుకో." ఆ చిటికెడు మందుతో మలేరియా తగ్గదు. పైగా చావకుండా మిగిలిన పరాన్నజీవి ఆ మందుకి అలవాటు పడుతుంది. అంటే పూర్తి నకిలీ రోగి ఒక్కడికే ద్రోహం చేస్తే, ఈ చిటికెడు నకిలీ ఊరందరికీ ద్రోహం చేస్తుంది.

పట్టకారు పట్టి మనం అడుగుతున్నదీ ఆ ప్రశ్నే. రంగుకి బదులు గీత వచ్చింది, అంతే తేడా.

"గీత ఎత్తును బట్టి ఎంత మందు ఉందో చెప్పొచ్చుగా" అంటారు. చెప్పలేం. పల్లెవెలుగు బస్సు ఆగగానే కిటికీల్లోంచి తువ్వాళ్లు పడతాయే, యంత్రం మూతి దగ్గరా అదే జరుగుతుంది. బిళ్ళలో మందు ఒక్కటే ఉండదు. పిండి పదార్థం, మెగ్నీషియం స్టియరేట్, పూత, రంగు, బంక కూడా ఉంటాయి. వేడిగాలి తగలగానే అన్నీ ప్రోటాన్ కోసం ఎగబడతాయి. ప్రోటాన్ మీద ఆశ ఎక్కువున్న అణువు సీటు పట్టేస్తుంది, మొహమాటం ఉన్నది నిలబడిపోతుంది. కూర్చున్నవాళ్లను లెక్కపెట్టి బస్టాండులో ఎంతమంది ఉన్నారో చెప్పలేం కదా. బిళ్ళను పట్టకారుతో రెండు మిల్లీమీటర్లు ఇటు జరిపినా గీత ఎత్తు మారిపోతుంది. పూత ఉన్న బిళ్ళయితే డెసీ తుంపరకు ముందు తగిలేది పూతే. లోపలి మందు కావాలంటే విరగ్గొట్టాలి. విరగ్గొట్టడం ప్రిపరేషన్ కాదా మరి?

ఇంకో ముచ్చట. ఆర్టెసునేట్ ప్రోటాన్‌ను అంత తేలిగ్గా పట్టుకోదు. అందుకని ఫెర్నాండెజ్ బృందం డెసీ తుంపరలో ఓ పొడవాటి అమీన్‌ను కలిపింది. అది ఆర్టెసునేట్‌ను కౌగిలించుకుని గీతగా పైకి తెస్తుంది. అద్భుతమైన ఆలోచన. కానీ దాని అర్థమేమిటి? ప్రిపరేషన్ ఎక్కడికీ పోలేదు. కల్వంలోంచి తుంపరలోకి కాపురం మార్చింది. ఆ పని చేసిన శాస్త్రవేత్తలు ఈ సంగతి దాచలేదు. దాచింది అమ్మేవాళ్లు, వాళ్ల మాట నమ్మి మైకు పట్టుకున్నవాళ్లు.

ఇక మన ఇంటి సంగతి. 2014 నుంచి 2016 వరకు కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా మందుల సర్వే చేయించింది. 47,012 నమూనాలు పరీక్షిస్తే అచ్చంగా నకిలీవని తేలినవి 13. ప్రామాణిక నాణ్యత లేనివి 1,850. ఆ సర్వే లెక్కలు తక్కువ చూపాయని విమర్శించేవాళ్లున్నారు, నేనూ పూర్తిగా నమ్మను. అయినా రెండు అంకెల మధ్య దూరం చూడండి: ఒక్క నకిలీకి నూటనలభైకి పైగా నాసిరకాలు. ప్రభుత్వాసుపత్రులకు సరఫరా అయ్యే మందుల్లో నాసిరకం వాటా 10 శాతం, షాపుల్లో 3 శాతం అని కూడా అదే సర్వే చెప్పింది. అంటే పేదవాడి చేతికి వచ్చే బిళ్ళలో సమస్య ఎక్కువ. ఆ సమస్య ఎలాంటిది? మందు లేకపోవడం కాదు. మందు తక్కువుండటం, కరగకపోవడం, ఒక బిళ్ళలో ఎక్కువ ఇంకో బిళ్ళలో తక్కువ ఉండటం, తేమకి పాడవడం. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా విడుదల చేసే జాబితా ఎప్పుడైనా తెరిచి, ఫెయిలైన కారణం అనే గడి చూడండి. ఎసే (మందు ఎంతుంది), డిసొల్యూషన్ (ఎంత కరిగింది) అనే మాటలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. పట్టకారు యంత్రం పట్టేది ఆ 13 లాంటివాటిని. ఆ 1,850లో చాలావాటి ముందు అది చక్కగా 152 లాంటి గీత గీసి, పాస్ అంటుంది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలని మన ఇళ్లలో అంటారు. అది నిజం, ఎందుకంటే గిన్నెలోని బియ్యమంతా ఒకే బస్తాలోంచి వచ్చి, ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికింది. లక్షల బిళ్ళల బ్యాచ్‌కి ఆ భాగ్యం లేదు. పొడి సరిగా కలవకపోతే డ్రమ్ము పైభాగంలో ఓ రకం, అడుగున ఓ రకం. థైరాక్సిన్ బిళ్ళలో ఉండే మందు 25 మైక్రోగ్రాములు, బిళ్ళ బరువు దాదాపు 100 మిల్లీగ్రాములు అనుకుంటే నాలుగు వేల వంతుల్లో ఒక వంతు మందు. ఆ ఒక వంతు అన్ని బిళ్ళలకూ సమంగా చేరిందా లేదా అన్నది ఒక బిళ్ళ అంచు చూసి చెప్పగలిగే మొనగాడు ఇంకా పుట్టలేదు.

అందుకే మేం ఇరవై బిళ్ళలు తీసుకుంటాం. బయటివాళ్లకి విసుగు పుట్టించే ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. ఇరవైనీ కలిపి తూచి సగటు బరువు రాసుకుంటాం. కల్వంలో వేసి, వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలనంత మెత్తగా నూరతాం. ఆ పొడిలోంచి లెక్క ప్రకారం ఇంతని తూచి ఫ్లాస్కులో వేసి, ద్రావకం పోసి, సోనికేటర్ నీళ్లలో పెడతాం. అది తేనెతుట్టెలా సన్నగా రొద పెడుతుంది. తీసి, చల్లారనిచ్చి, మెడ మీది గీత వరకు చుక్కచుక్కగా నింపుతాం. 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి వడకడతాం. మొదటి కొన్ని మిల్లీలీటర్లు పారబోస్తాం, ఎందుకంటే ఫిల్టరే కొంచెం మందు తాగేస్తుంది. పక్కనే, బలం ముందే తెలిసిన ప్రామాణిక మందుతో ఇదే తంతు ఇంకోసారి. తర్వాత రెండూ, మందును విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీకి వెళ్తాయి. చివర్లో ఒక అంకె వస్తుంది: 97.4 శాతం. పారాసిటమాల్ బిళ్ళకి మన ఫార్మకోపియా పెట్టిన హద్దు 95 నుంచి 105. పాస్. ఆ అంకెకి బలం యంత్రం ఇవ్వలేదు, ఆ నూరడం, తూచడం, నింపడం ఇచ్చాయి. ప్రిపరేషన్ అంటే కొలతకి ముందు వచ్చే చాకిరీ అనుకుంటున్నారు. కొలతలో సగం అదే.

డిసొల్యూషన్ గురించి రెండే ముక్కలు. అమెరికా ఫార్మకోపియా ప్రకారం పారాసిటమాల్ బిళ్ళను శరీర ఉష్ణోగ్రతలో ఉన్న 900 మిల్లీలీటర్ల ద్రావణంలో వేసి, నిమిషానికి 50 చుట్లు తిప్పుతూ 30 నిమిషాలు చూడాలి. 80 శాతం కరగాలి. ఎక్కువ ఒత్తిడితో రాయిలా నొక్కేసిన బిళ్ళ ఈ గాజు పాత్రలో గంట సేపు గోళీలా దొర్లుతుండటం నేను కళ్లారా చూశాను. అందులో మందు నూటికి నూరు శాతం ఉంది. రోగి కడుపులోంచి అది అలాగే బయటికి పోతుంది. మాస్ స్పెక్ దాన్ని చూసి ఏమంటుంది? 152.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని కేసు చెప్తాను. 2012 చివర్లో పాకిస్థాన్‌లోని లాహోర్, గుజ్రాన్‌వాలాల్లో దగ్గు మందు తాగి పదుల మంది చనిపోయారు. అందులో ఉండాల్సింది డెక్స్ట్రోమెథార్ఫాన్. దానితో కలిసిపోయి ఉన్నది లీవోమెథార్ఫాన్. రెండూ కుడిచేయీ ఎడమచేయీ లాంటివి. అవే పరమాణువులు, అదే వరుస, అదే భారం. అద్దంలో ప్రతిబింబం, అంతే. ఒకటి దగ్గుని ఆపుతుంది. ఇంకోటి మార్ఫిన్ జాతి మత్తుమందు, ఊపిరినే ఆపుతుంది. ఆ ముడిసరుకు వెళ్లింది మన దేశం నుంచే. మరుసటి ఏడాది పరాగ్వేలో పిల్లలు ఆస్పత్రుల పాలయ్యాక దాని జాడ అక్కడా బయటపడింది. భారాన్ని మాత్రమే తూచే యంత్రానికి ఈ రెండూ ఒక్కటే. అది ఎన్ని కోట్లదైనా సరే. మామూలు హెచ్‌పీఎల్‌సీకీ ఒక్కటేనని ఒప్పుకోవాలి. ఈ జంటను విడదీసే ప్రత్యేకమైన కైరల్ కాలమ్ కావాలి, లేదా కాంతి ఎటు తిరిగిందో చూసే పోలారిమీటర్. ఆ పోలారిమీటర్ మన కాలేజీ ల్యాబుల్లో దుమ్ము పట్టి ఉంటుంది, కావాలంటే వెళ్లి చూడండి. దాని గొట్టంలో పోయాలంటే మళ్లీ తూచాలి, కరిగించాలి, వడకట్టాలి.

రానిటిడిన్ కథ ఇంకో తరహా. మన ఇళ్లలో కడుపు మంటకి పిప్పరమెంటు బిళ్ళలా వాడిన మందే. 2019లో అమెరికాలో ఒక ప్రైవేటు ల్యాబు అందులో ఎన్‌డీఎంఏ అనే కేన్సర్ కారకం లక్షల నానోగ్రాముల్లో ఉందని ప్రకటించింది. రోజుకి 96 నానోగ్రాములకు మించకూడదన్నది హద్దు. లోకం అదిరిపోయింది. తర్వాత తేలిందేమిటంటే, ఆ పరీక్షలో నమూనాను 130 డిగ్రీల దాకా వేడి చేశారు, ఆ వేడికి రానిటిడినే విడిపోయి ఎన్‌డీఎంఏని పుట్టించింది. కొలిచే పద్ధతే కొలవాల్సిన విషాన్ని తయారుచేసింది. అమెరికా ఎఫ్‌డీఏ వేడి చేయని పద్ధతికి మారి చూస్తే అంకెలు ఎన్నో రెట్లు పడిపోయాయి. ముప్పు మాత్రం నిజమే. నిల్వలో, ఎండలో ఆ మందు నెమ్మదిగా చెడుతుందని తేలి, 2020 ఏప్రిల్‌లో దాన్ని మార్కెట్ నుంచి తీసేయమన్నారు. ఆ ల్యాబు వాడింది పట్టకారు యంత్రం కాదు. కానీ డార్ట్ మూతిలోంచి వచ్చే గాలిని మామూలుగా రెండు మూడు వందల డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వేడి చేస్తారన్నది గుర్తుపెట్టుకోండి. అంత వేడిలో బిళ్ళలోంచి లేచింది బిళ్ళలో ముందే ఉన్నదా, అప్పుడే పుట్టిందా? దీనికి జవాబు చెప్పలేని గీతను పట్టుకుని ఒక కంపెనీని మూయించినా తప్పే, వదిలేసినా తప్పే.

"మరి ఆలస్యం మాటేమిటి?" ఇది నా స్నేహితుల బలమైన వాదన. న్యాయమైనది కూడా. 1940 నాటి ఔషధ చట్టం కింద ఇన్‌స్పెక్టర్ షాపులో నమూనా తీసి నాలుగు భాగాలు చేయాలి. ఒకటి ప్రభుత్వ ఎనలిస్టుకు పంపాలి. రిపోర్టు ఇవ్వడానికి నిబంధనల్లో ఇచ్చిన గడువు 60 రోజులు. ఆ లోపు బ్యాచ్ అమ్ముడైపోయి, మింగేసి, జీర్ణమైపోతుంది. రెండో పరీక్ష కోరే హక్కు తయారీదారుకి ఉంది. కేసు పెట్టేసరికి మందు గడువు దగ్గరపడి ఆ హక్కు దక్కకుండా పోయిందని 2008లో సుప్రీంకోర్టు ఒక కేసునే కొట్టేసింది. ఇదంతా నిజం.

కానీ పైన చెప్పిన నా ఇరవై బిళ్ళల తంతు మొత్తానికి పట్టే సమయం ఒక రోజు. మరి మిగతా 59 రోజులు ఏమయ్యాయి? నమూనా బీరువాలో ఉంది. ఎనలిస్టు పోస్టు ఖాళీగా ఉంది. కాలమ్ అరిగిపోయింది, కొత్తది కొనే ఫైలు తిరుగుతోంది. రెండొందల షాపులకి ఒక ఇన్‌స్పెక్టర్ ఉండాలని మషేల్కర్ కమిటీ 2003లోనే చెప్పింది. ఎక్కడున్నారు? ఆలస్యం కల్వంలో లేదు, బీరువాలో ఉంది. బీరువాని వదిలేసి కల్వం మీద పడుతున్నాం.

కావాలంటే కోల్డ్రిఫ్ చూడండి. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఆ దగ్గు మందు తాగి 20 మందికి పైగా పిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య శాఖ, పరీక్షించిన నమూనాల్లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం లేదని ప్రకటించింది. అదే సమయంలో తమిళనాడు అధికారులు తమ రాష్ట్రంలోనే ఉన్న దాని ఫ్యాక్టరీకి వెళ్లి, అనుమానం ఉన్న బ్యాచ్‌లోంచే సీసా తీసి, చెన్నైలోని ప్రభుత్వ ల్యాబులో చూశారు. 48.6 శాతం విషం. దీనికి వాళ్లకి పట్టింది రెండు మూడు రోజులు, అదీ సెలవుల మధ్యలో. మామూలు సర్కారు ల్యాబు, మామూలు పద్ధతులు. తేడా ఎక్కడొచ్చింది? ఏ సీసా తీశారన్న దగ్గర. తప్పు సీసాను ఐదు సెకన్లలో పరీక్షిస్తే ఐదు సెకన్లలో తప్పు జవాబు వస్తుంది, అంతే కదా. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. గాంబియాలో మన దేశం నుంచి వెళ్లిన దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, 2023 జూన్ నుంచి విదేశాలకు పంపే దగ్గు మందును ముందే ప్రభుత్వ ల్యాబుల్లో పరీక్షించాలని నిబంధన పెట్టారు. స్వదేశంలో అమ్మేదానికి అప్పుడు ఆ నిబంధన పెట్టలేదు. దీనికి ఏ యంత్రాన్ని నిందిద్దాం?

యంత్రాన్ని కొనొద్దని నేననడం లేదు. ఓడరేవులో, గోదాములో, దాడి చేసిన చోట, వెయ్యి పెట్టెల్లో ఏ పది ల్యాబుకు పంపాలో తేల్చుకోవడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. తార్నాకలోని ఐఐసీటీలో మాస్ స్పెక్ట్రోమెట్రీకి ప్రత్యేక కేంద్రమే ఉంది, మనవాళ్లకి ఈ విద్య కొత్తేమీ కాదు. అనుమానించడానికి అది వాడండి. ఫెయిల్ అంటే వెంటనే నమ్మి సరుకు ఆపండి. పాస్ అన్నప్పుడు మాత్రం నమ్మకండి, ల్యాబుకు పంపండి. ఆ ల్యాబులో ఖాళీ పోస్టులు ముందు నింపండి. మ్యూజియం మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆ రోజు డెమో అయ్యాక, అందరూ భోజనాలకి లేచాక, నేను ఆ కుర్రాడి దగ్గరికెళ్లాను. బిళ్ళ ఇంకా పట్టకారులోనే ఉంది, ఓ అంచు కొద్దిగా గోధుమరంగుకి తిరిగింది. "బాబూ, ఇందులో పారాసిటమాల్ ఎన్ని మిల్లీగ్రాములుంది?" అని అడిగాను. అతను అబద్ధం చెప్పలేదు, అందుకు సంతోషించాను.

"అది చెప్పాలంటే ప్రిపరేషన్ చేయాలి సార్" అన్నాడు.